అటక మీది డైరీని చదవడం ఎలా

పెద్దవాళ్లు పోయాక గదులు సర్దేటప్పుడో, పాత ఇల్లు అమ్మేటప్పుడో కాగితాల మూట ఒకటి తప్పకుండా బయటపడుతుంది. అందులోని దస్తావేజులు బీరువాలోకి వెళ్తాయి. ఫొటోలను అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకుంటారు. మిగిలిన డైరీలు, పద్దుల పుస్తకాలు, ఉత్తరాలు, అట్ట ఊడిన నవలలు తూకానికి పోతాయి. ఆ మిగిలినవాటి కోసమే ఇది రాస్తున్నాను.

నేను సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకళ్లు రాసే పనిలో చేరి అక్కడే ఉద్యోగ విరమణ చేశాను. పాత చేతిరాతలు చదవడం నాకు అన్నం పెట్టిన విద్య. ఇప్పుడు బంధువులూ స్నేహితులూ తెచ్చే పాత పుస్తకాలు చదివిపెడుతుంటాను. గొప్పవాళ్ల డైరీలను దాచడానికి సంస్థలు ఉన్నాయి. మామూలు మనిషి రాసుకున్న పద్దుకు, రెండో ముద్రణ చూడని రచయితకు మాత్రం మనం తప్ప వేరే దిక్కు లేదు. అందుకే ఈ పని అందరూ నేర్చుకోవాలని కోరుకుంటాను. కష్టమైన పనేమీ కాదు, ఓపిక చాలు.

ముట్టుకునే ముందు

చేతులు సబ్బుతో కడుక్కుని, పూర్తిగా ఆరాక పుస్తకం పట్టుకోండి. చేతితొడుగులు అక్కరలేదు. గుడ్డ తొడుగులు వేసుకుంటే కాగితం అంచు వేలికి తెలియక చిరుగుతుంది. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, రెండు అట్టల కిందా మడిచిన తువ్వాళ్లు ఆనించి, అది తెరుచుకున్నంత వరకే తెరవండి. దుమ్మును మెత్తని కుంచెతో వెన్ను దగ్గర మొదలుపెట్టి బయటి అంచు వైపు తుడవాలి.

వేలు తడి చేసుకుని పుట తిప్పే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోవాలి. వెనకటి రోజుల్లో చాలామంది కాపీయింగ్ పెన్సిలుతో రాసేవారు. ఆ రాత చూడటానికి మామూలు పెన్సిలు రాతలాగే బూడిదరంగులో ఉంటుంది. తడి తగిలిందా, ఊదారంగుకు తిరిగి చుట్టూ పాకుతుంది, అక్షరం పోతుంది.

సెల్లోటేపు అంటించవద్దు. కొన్నేళ్లకు దాని జిగురు గోధుమరంగు మరకై కాగితంలోకి ఇంకుతుంది. లామినేషన్ అంతకన్నా చేటు, ఒకసారి చేయించాక వెనక్కి తీసుకోలేరు. ఎండలో పెట్టకండి, సిరా వెలిసిపోతుంది. తడిసిన పుస్తకమైతే పుటల మధ్య బ్లాటింగు కాగితాలు పెట్టి, అవి తేమ పీల్చగానే మారుస్తూ, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. తుప్పు పట్టిన గుండుసూదిని లాగితే కాగితం ముక్క ఊడివస్తుంది. సూదికీ కాగితానికీ మధ్య పలచని ప్లాస్టిక్ ముక్క దూర్చి మెల్లగా ఎత్తాలి. పురుగు చేరకుండా వేపాకు వేయడం మన ఇళ్లలో ఉన్నదే. గలగలలాడేంతగా ఎండిన ఆకునే పలచని గుడ్డలో మూటకట్టి అరలో పెట్టండి. పచ్చి ఆకు తేమ తెస్తుంది. వస కొమ్ములు కూడా మంచివే.

పుస్తకాలు నేల మీద, నేలమాళిగలో ఉంచవద్దు. 2000 ఆగస్టులో హైదరాబాదును ముంచిన వానలకు సుందరయ్య విజ్ఞాన కేంద్రం నేలమాళిగలోని విలువైన పుస్తకాలే నీటిపాలయ్యాయి. మన ఇంటి అలమారా ఎంత?

పుటల మధ్య దొరికే చీటీలు, టిక్కెట్లు, ఎండిన పువ్వులు, మందుల చీట్లు ఏవైనా సరే, ఏ పుటల మధ్య ఉన్నవో రాసుకున్నాకే కదపండి. చాలాసార్లు ఆ పుటలోని మాటకు అర్థం ఆ చీటీలోనే ఉంటుంది.

తేదీని పట్టుకోవడం

అచ్చు డైరీ అయితే తేదీ పుట మీదే ఉంటుంది. అయినా నమ్మేయకూడదు. పాత సంవత్సరం డైరీలో మిగిలిన పుటలను ఆ తర్వాతి ఏళ్లలో వాడుకునేవారు. చేత్తో కుట్టుకున్న నోటు పుస్తకాల్లో అయితే తెలుగు సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం ఉంటాయి. సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. తారణ అని ఉంటే అది 1884 కావచ్చు, 1944 కావచ్చు, 2004 కూడా కావచ్చు. కాగితం, సిరా, అందులోని ధరలు చూస్తే ఆ మూడింటిలో ఏదో తెలిసిపోతుంది. మన పెద్దలు కరువులను సంవత్సరాల పేర్లతోనే గుర్తుపెట్టుకున్నారు. గుంటూరు సీమను ఊడ్చేసిన 1832-33 కరువు నందన కరువు, 1876లో మొదలైనది ధాత కరువు. ఒక ఉత్తరంలో ‘నందనలో మా తాతగారు వలస వచ్చినారు’ అని ఉంటే, ఏ నందనో తేల్చుకోకుండా ముందుకు వెళ్లకండి.

శు అంటే శుద్ధం, బ అంటే బహుళం. పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా శుద్ధం, ఆ తర్వాత అమావాస్య దాకా బహుళం. తిథితోపాటు వారం రాసి ఉంటే అది మీకు పెద్ద వరం. మీరు లెక్కగట్టిన ఇంగ్లీషు తేదీకి అదే వారం రాకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టు. ముందుగా తెలిసిన రోజు మీద సాధన చేయండి. 1947 ఆగస్టు 15 సర్వజిత్తు సంవత్సరం, అధిక శ్రావణ బహుళ చతుర్దశి, శుక్రవారం. ఆ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది. అధిక మాసం సంగతి మరిచిపోతే నెల రోజుల తేడా వస్తుంది.

దస్తావేజుల్లోనూ కరణాల లెక్కల్లోనూ ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం కనిపిస్తుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1340 అంటే 1930-31. చెన్నపట్నం రాజధానిలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో, ఫసలీ జులై 1న మొదలయ్యేది. నిజాం రాజ్యంలో అక్టోబరు తొలివారంలో మొదలై, ఆజూరు, దై, బహమన్ అంటూ వేరే నెలల పేర్లతో నడిచేది. తెలంగాణ ఇంటి డైరీలో ఆ పేర్లు ఎదురైతే అవి మనుషుల పేర్లని పొరబడకండి.

డబ్బు, కొలతలు

నా దగ్గరకు వచ్చినవాటిలో నాకు బాగా ఇష్టమైనది మా మేనత్త అత్తగారి పద్దుల పుస్తకం. తారణలో, అంటే 1944లో మొదలవుతుంది. “అందులో చిల్లర పద్దులు తప్ప ఏమీ లేవురా” అంటూనే మా అత్త దాన్ని పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చింది. ఆ అత్తగారు రాసుకున్నది నిజంగా పద్దులే. ఒక్క పుటలోనూ మనసులోని మాట లేదు. అయినా ఆ ఇంటి కథ అంతా అందులో ఉంది. పద్దు చదవడం వస్తేనే ఆ కథ కనిపిస్తుంది.

3-8-6 అని ఉంటే మూడు రూపాయల ఎనిమిదణాల ఆరు పైలు. రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా ఇదే లెక్క. ఇంకా పాత పద్దుల్లో అంకెల మధ్య గీతలు ఉండవు. తెలుగు అంకె పక్కన నిలువు గీతలు, అడ్డగీతలు ఉంటాయి. ఒక నిలువు గీత పావు, ఒక అడ్డగీత వీసం, అంటే పదహారో వంతు. కాబట్టి మూడంకె పక్కన రెండు నిలువు గీతలు, వాటి పక్కన ఒక అడ్డగీత ఉంటే మూడు రూపాయల తొమ్మిదణాలు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో ఇళ్లలో ముత్తాతల లెక్కలను పిచ్చిగీతలని పారేశారు. తెలిసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

హైదరాబాదు రాజ్యపు పద్దుల్లో హాలీ, కల్దార్ అని రెండు రకాల రూపాయలు కనిపిస్తాయి. హాలీ నిజాం రూపాయి, కల్దార్ బ్రిటిషు రూపాయి. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు సాధారణ మారకం. ధరలు పోల్చే ముందు ఏ రూపాయో చూసుకోవాలి.

తూకంలో ఎనిమిది వీశెలు ఒక మణుగు, వీశెకు నూట ఇరవై తులాలు. గింజల కొలతలో కుంచానికి రెండు అడ్డలు, నాలుగు మానికలు, ఎనిమిది తవ్వలు, పదహారు సోలలు. పుట్టి మాత్రం ఊరును బట్టి మారేది. దాన్ని కిలోల్లోకి మార్చకుండా ‘పుట్టి’ అనే ఉంచడం మంచిది.

ఇక ఆ పద్దుల పుస్తకంలో ఒక పుట చూడండి. సోమవారం నిమ్మకాయలు 0-1-0. మంగళవారం బార్లీ 0-6-0, మళ్లీ నిమ్మకాయలు. బుధవారం డాక్టరుగారికి 1-0-0, బండికి 0-8-0. గురువారం నుంచి ఆదివారం దాకా ఏమీ రాయలేదు. ఏడాది పొడుగునా ఉప్పు కొన్నా చింతపండు కొన్నా రాసిపెట్టిన మనిషి నాలుగు రోజులు కలం పట్టలేదు. సోమవారం అదే చేతిరాతలో ‘గాజులవానికి, చి॥ పిల్లకు 0-3-0’. పిల్లకు జ్వరం వచ్చిందనీ, భయపడ్డారనీ, గట్టెక్కిందనీ ఎక్కడా రాసి లేదు. అంతా ఆ అణాల్లోనే ఉంది. అందుకే చెబుతున్నాను, రాయని రోజులను కూడా రాసుకోండి. ఖాళీ పుటను దాటవేయకండి.

పొడి అక్షరాలు, పాత లిపి

మ॥రా॥శ్రీ అంటే మహారాజశ్రీ, మగవాళ్ల పేరుకు ముందు మర్యాదకు రాసేది. చి॥ చిరంజీవి, ల॥సౌ॥ లక్ష్మీసౌభాగ్యవతి, గం॥భా॥ గంగాభాగీరథీ సమానురాలు. ఈ చివరిది భర్త పోయిన స్త్రీకి వాడేవారు. ఒకే ఆమెను ఒక ఉత్తరంలో ల॥సౌ॥ అనీ, మరో ఉత్తరంలో గం॥భా॥ అనీ రాస్తే, ఆ రెండు తేదీల నడుమ ఆమె భర్త పోయాడన్నమాట. వంశవృక్షంలో లేని సంగతి ఇలా దొరుకుతుంది. డైరీల్లో ఆడవాళ్ల పేర్లు అరుదు. ‘చిన్నక్క’, ‘గుంటూరు వదిన’, ‘పెద్దింటి అత్తగారు’ అనే ఉంటాయి. ఇంట్లో వయసు పైబడినవాళ్లు ఉండగానే ఎవరు ఎవరో అడిగి రాసుకోండి. ఈ ఒక్క పనిని వాయిదా వేయకూడదు.

లిపిలో అరసున్న, బండి ఱ చాలామందికి తెలిసినవే. తికమక పెట్టేది వలపలగిలక. ‘సూర్యుడు’ అని మనం రాసేచోట వాళ్లు ‘ర్’ను హల్లు తర్వాత, కుడిపక్కన తెలుగు తొమ్మిది (౯) అంకెలాంటి గుర్తుతో రాసేవారు. తొమ్మిది కూడా అదే రూపం కాబట్టి పద్దుల్లో జాగ్రత్త అవసరం. ఒక మనిషి రాత అలవాటు కావాలంటే మొదట అతను తరచు రాసే మాటలు పట్టుకోండి: వారాల పేర్లు, ఊరి పేరు, ‘ఇచ్చినది’, ‘వచ్చినది’. వాటిలోని అక్షరాలను ఒక కాగితం మీద వరుసగా గీసుకోండి. అర్థంకాని మాట వచ్చినప్పుడు ఆ కాగితంతో పోల్చాలి. నకళ్లు రాసేవాళ్లం అందరం ఇలాగే నేర్చుకున్నాం.

ఎత్తి రాయడం

ముందు ఫొటోలు తీయండి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోను పుటకు సమాంతరంగా పట్టుకుని తీయాలి. అట్ట, లోపలి అట్ట, ఖాళీ పుటలు, అన్నీ వరుసగా. వెలిసిన సిరా కంటికి ఆనకపోతే ఫోనులో ఫొటో వెలుగు తగ్గించి, నలుపు తెలుపుల తేడా పెంచి చూస్తే చాలావరకు తేలుతుంది. ఆ తర్వాత ఫొటో చూసి రాసుకోండి, పుస్తకానికి శ్రమ తగ్గుతుంది.

ఉన్నది ఉన్నట్టు రాయాలి. ‘జ్వొరము’ అని ఉంటే ‘జ్వరం’ అని దిద్దకూడదు. ఆ తప్పులోనే ఆ మనిషి నోటి పలుకు ఉంది. చదవలేని చోట చుక్కలు, అనుమానమున్న చోట ప్రశ్నార్థకం పెట్టండి. మీ మాటలను చదరపు కుండలీకరణాల్లో ఉంచండి. ఇంటి గౌరవానికి అడ్డమనిపించిన పుటను చించకండి. ఇప్పుడే చూపించడం ఇష్టం లేకపోతే కవరులో వేరుగా పెట్టి, ఏ సంవత్సరం దాకా తెరవకూడదో పైన రాయండి.

ఏదీ కత్తిరించకుండా ఉంచితే ఏం దక్కుతుందో చూడండి. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్ ప్రిటరు, అంటే దుబాసీ. 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిలో ప్రతి మజిలీ గురించీ రాస్తూ పోయాడు: ఊరెంత దూరం, బాట ఎలా ఉంది, నీళ్లు దొరుకుతాయా, అంగళ్లు ఎన్ని. ఆయన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె దాన్ని 1838లో అచ్చు వేయించాడు. మళ్లీ 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు వివరాలు సేకరించి ప్రచురించారు కాబట్టి అది మన తరానికి అందింది. ఈ నీళ్లూ అంగళ్లూ ఎందుకని ఎవరైనా కత్తిరించి ఉంటే, రైళ్లు రాకముందు తెలుగు నేల మీద మనిషి ఎలా ప్రయాణించాడో మనకు అంత దగ్గరగా తెలిసేది కాదు.

మరుగున పడిన రచయితను వెతకడం

మా అత్త అత్తగారి పద్దుల్లో ‘గృహలక్ష్మి చందా’ అని ఒక పద్దు ఉంది. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి చెన్నపట్నంలో మొదలుపెట్టిన స్త్రీల మాసపత్రిక అది. ఆ పద్దు చూశాక ఆ పత్రిక పాత సంచికలు తిరగేశాను. ఒకటి రెండు కథలు రాసి ఆగిపోయిన స్త్రీలు ఎందరో! డైరీ ఎప్పుడూ ఇలాగే మరో పుస్తకానికి దారి చూపిస్తుంది.

రచయిత జాడ పుస్తకం మొదటి పుటలోకన్నా చివరి పుటల్లో బాగా దొరుకుతుంది. వెనక అట్ట మీద ‘ఈ రచయితయే రచించిన ఇతర గ్రంథములు’ అనే జాబితా, ప్రాప్తిస్థానం, ముద్రణాలయం పేరు, కృతి ఎవరికి ఇచ్చారు, పీఠిక ఎవరు రాశారు, ఇవన్నీ రాసుకోండి. ప్రాప్తిస్థానం చాలాసార్లు రచయిత ఇంటి చిరునామాయే. 1867 చట్టం ప్రకారం చెన్నపట్నం ప్రభుత్వం అచ్చయిన పుస్తకాల జాబితాను మూడు నెలలకోసారి గెజిట్లో వేసేది. ఎన్ని ప్రతులు, ధర ఎంత, అచ్చు వేసింది ఎవరు అనేవి అందులో ఉంటాయి. తెలంగాణ రచయిత అయితే సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో తెచ్చిన గోలకొండ కవుల సంచిక ముందు చూడాలి. నిజాం రాష్ట్రంలో కవులు లేరన్న మాటకు ఆయన 354 మంది కవులను చూపించి జవాబు చెప్పారు. ఆ జాబితాలో ఎన్నో పేర్ల వెనక ఇంకా ఎవరూ వెతకని పుస్తకాలు ఉన్నాయి.

స్త్రీల విషయంలో పేరే పెద్ద అడ్డంకి. పుట్టింటి ఇంటిపేరుతో ఒకచోట, మెట్టినింటి పేరుతో మరోచోట, ‘ఒక సోదరి’ అని ఇంకోచోట ఉంటారు. మూడూ వెతకాలి. భండారు అచ్చమాంబ 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో కథ రాసి, 1905లో ముప్పై ఏళ్లకే కన్నుమూసింది. తొలి తెలుగు కథ ఏదన్న చర్చలోకి ఆమె పేరు రావడానికి దశాబ్దాలు పట్టింది. పాత సంచికలు ఎవరో ఓపికగా తిరగేశారు కాబట్టే వచ్చింది.

ఇంటర్నెట్ ఆర్కైవులో వేల తెలుగు పుస్తకాలు ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చినవాటి పేర్లు రోమన్ లిపిలో చిత్రంగా ఉంటాయి. దీర్ఘానికి ఒకచోట ఒక అక్షరం, మరోచోట రెండు. ఒక్కో పేరును నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. దొరకలేదని ఊరుకోవద్దు. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఉన్నాయి. వెళ్లే ముందు ఫోను చేసి, ఏ సంచిక కావాలో సంవత్సరం, నెలతో సహా చెప్పండి. గ్రంథాలయం వారికీ వెతకడం సులువు.

ఎక్కడ ఇవ్వాలి

రచయిత పోయిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి అరవై ఏళ్లు కాపీహక్కు ఉంటుంది. 1964లో పోయినవారు బతికుండగా అచ్చయిన రచనలు 2025 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. అలాంటివాటిని తెలుగు వికీసోర్సు అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో చేర్చవచ్చు. అచ్చుకాని డైరీల లెక్క వేరు. రాసినవారు పోయాక తొలిసారి అచ్చయితే ఆ ప్రచురణ నుంచి అరవై ఏళ్లు లెక్కించాలి. హక్కు వారసులది. కాబట్టి ముందు వారసులందరి దగ్గరా ఒక కాగితం మీద అనుమతి తీసుకోండి.

మూల ప్రతి ఇంట్లో ఉంచినా గ్రంథాలయానికి ఇచ్చినా, ఫొటోల ప్రతి ఒకటి వేరే ఊళ్లో ఉండేవాళ్ల దగ్గర పెట్టండి. పుస్తకంతో పాటు ఒక చీటీ రాసి ఉంచాలి, అట్టకు అంటించకుండా. అందులో రాసినవారి పేరు, ఊరు, మీకు ఏమవుతారు, పుస్తకం ఎవరి దగ్గర దొరికింది, ఏ పుటల మధ్య ఏ చీటీ ఉంది, ‘గుంటూరు వదిన’ ఎవరు, ఇవి ఉండాలి. బాల్ పెన్ను వద్దు. మామూలు పెన్సిలుతో రాయండి, అది వెలియదు, తడిసినా పాకదు.